చెక్ వాల్వ్‌లో ఓ-రింగ్ ఎన్నిసార్లు మార్చినా మళ్లీ లీక్ అవుతోంది. మెటల్ సీట్ వాల్వ్ వేస్తే తగ్గుతుందా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ: నీళ్లను ఒకవైపే పోనివ్వాల్సిన చెక్ వాల్వ్ ఉన్నా, పంపు ఆగగానే లైన్‌లో నీళ్లు వెనక్కి దిగిపోతున్నాయి. వాల్వ్ విప్పి కొత్త ఓ-రింగ్ (సందు మూసే గుండ్రటి రబ్బరు రింగు) వేస్తే కొన్నాళ్లు బాగుండి, మళ్లీ మొదటికొస్తోంది. అందుకని రబ్బరు గొడవే లేని మెటల్ సీట్ వాల్వ్ వేసేద్దామనుకుంటున్నారు. పైప్‌లైన్ మెయింటెనెన్స్‌లో ఇలాంటివి చాలా విప్పినవాడిగా నేను చెప్పేది, వాల్వ్ మార్చే ముందు మీరు తీసి పడేసిన పాత రింగును వెతికి తెచ్చి ఒకసారి బాగా చూడండి.

ముందు మెటల్ సీట్ సంగతి. గేట్ వాల్వ్‌ను చక్రం తిప్పి బిగిస్తాం. చెక్ వాల్వ్‌కు అలా బిగించేవాళ్లెవరూ ఉండరు. వెనక్కి వచ్చే నీటి ఒత్తిడే డిస్కును, అంటే లోపలి మూతను, సీటుకు (అది ఆనే అంచుకు) అదమాలి. స్ప్రింగ్ ఉన్నా అది కొంతే సాయం. ఆ ఒత్తిడి తక్కువైతే లోహం మీద లోహం పూర్తిగా ఆనదు, అదే రబ్బరైతే తక్కువ ఒత్తిడికే నొక్కుకుని సందు మూస్తుంది. వాల్వులను పరీక్షించే ఏపీఐ 598 స్టాండర్డ్ కూడా మెటల్ సీట్ చెక్ వాల్వులకు నీటి పరీక్షలో సైజు అంగుళానికి నిమిషానికి 3 మిల్లీలీటర్ల దాకా లీకేజీ ఒప్పుకుంటుంది. అంటే 4 అంగుళాల కొత్త వాల్వ్ నిమిషానికి 12 మిల్లీలీటర్లు, రోజుకు 17 లీటర్ల పైనే కారినా పాసైనట్టే! మెత్తటి సీటున్నవాటికి ఆ వెసులుబాటు లేదు. ఆవిరికీ, బాగా వేడి లైన్లకూ మెటల్ సీట్ తప్పదు కానీ, చుక్క కారకూడదంటే మామూలు నీటి లైన్‌లో అది సమాధానం కాదు.

ఇక పాత రింగు. అది ఉబ్బి, మెత్తబడి, గాడిలోంచి బయటికి వచ్చి ఉంటే రబ్బరు రకానికీ లైన్‌లో పారేదానికీ పడటం లేదని అర్థం. మేము ఒక కంప్రెసర్ కండెన్సేట్ లైన్‌లో (గాలిలోని తేమ నీరై పారే లైన్) ఇదే చూశాం. నీళ్లే కదా అని ఎవరో ఈపీడీఎం అనే రబ్బరు రింగు వేశారు. ఆ నీళ్లతో పాటు కంప్రెసర్ ఆయిల్ కొంచెం కొంచెం వస్తోందని పట్టించుకోలేదు. ఈపీడీఎం వేడినీటికి భేషుగ్గా ఉంటుంది, పెట్రోలియం ఆయిల్ తగిలితే మాత్రం ఉబ్బుతుంది. ఆయిల్‌ను తట్టుకునే నైట్రైల్ రబ్బరు వేశాక ఆ వాల్వ్ జోలికి మళ్లీ వెళ్లాల్సిన పని రాలేదు. ఇంకో విషయం, లైన్‌లో ఆయిల్ లేకపోయినా ఫిట్టర్ చేతిలో గ్రీజు డబ్బా ఉంటుంది. ఈపీడీఎం రింగుకు మామూలు గ్రీజు రాస్తే అదే దాన్ని పాడుచేస్తుంది, సిలికాన్ గ్రీజు వాడాలి.

రింగు గట్టిపడి, పగుళ్లిచ్చి, ఒకవైపు చదునైపోయి ఉంటే అది వేడి వల్లో వయసు వల్లో వచ్చింది. నైట్రైల్ సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దాకానే ఆగుతుంది. వైటాన్ అనే ఇంకో రబ్బరు దాదాపు 200 దాకా తట్టుకుంటుంది కదా అని వేడినీళ్లకు కూడా వేసేస్తుంటారు, కానీ మామూలు గ్రేడ్లు బాగా వేడినీళ్లకూ ఆవిరికీ సరిపోవు. టెఫ్లాన్‌ను చాలా రసాయనాలు ఏమీ చేయలేవు, అయితే అది రబ్బరులా తిరిగి లేవదు, ఒకసారి నొక్కు పడితే పడినట్టే. ఒకేచోట కోసినట్టుంటే వెల్డింగ్ ముక్కో ఇసుకో అడ్డుపడిందని లెక్క.

మీ విషయంలో నా అనుమానం మాత్రం వేరే. రబ్బరు బాగానే ఉండి, ఒకవైపు మాత్రమే అరిగి ఉంటే తప్పు రింగుది కాదు. వాల్వ్ సైజు ఎక్కువైతే, వచ్చే ఫ్లో డిస్కును పూర్తిగా ఎత్తి నిలబెట్టలేదు. గాలికి కొట్టుకునే కిటికీ తలుపులా అది ఆడుతూనే ఉంటుంది. దెబ్బలన్నీ రింగు మీద పడతాయి, డిస్కు వేలాడే హింజ్ పిన్ రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది, డిస్కు కిందికి జారి సీటు మీద పక్కకు కూర్చుంటుంది. అప్పుడు ఎంత మంచి రింగు వేసినా కొన్ని వారాలే. డిస్కును చేత్తో పట్టుకుని అటూ ఇటూ కదిపి చూడండి, బాగా లూజుగా ఉంటే పిన్, బుష్ (పిన్ కూర్చునే చిన్న గొట్టం) మార్చాలి. పంపు నాజిల్‌కో (నీళ్లు బయటికొచ్చే మూతి) ఎల్బోకో (పైపు వంపు) ఆనించి వాల్వ్ బిగించినా సుడుల వల్ల ఇదే జరుగుతుంది. కనీసం పైపు వ్యాసానికి 5 రెట్లు నేరుగా వదలమంటారు. పంపు ఆగినప్పుడు ధడేల్‌మని చప్పుడు వస్తోందా? అయితే తలుపులా ఊగే స్వింగ్ రకం వదిలేసి, తక్కువ దూరం కదిలే స్ప్రింగ్ డ్యుయల్ ప్లేట్ (రెండు సగం పలకల) రకం చూడండి. అది నీళ్లు వెనక్కి తిరిగేలోపే మూసుకోవడానికి ప్రయత్నిస్తుంది.

విప్పేటప్పుడు పైవైపు ఐసోలేషన్ వాల్వ్ మూసి, ప్రెషర్ పూర్తిగా వదిలించండి, చెక్ వాల్వ్ ఆపుతుందిలే అనుకోవద్దు. గాడిని స్క్రూడ్రైవర్‌తో గీకకండి, సీటుకు అడ్డంగా ఒక్క గీత పడినా నీళ్లకు దారి దొరుకుతుంది. రబ్బరు కార్డు (తాడు) కోసి గ్లూతో అతికించిన రింగు కాకుండా అచ్చు రింగే వేయండి.

లైన్ సైజు, మామూలుగా పోయే ఫ్లో, నీటి వేడి ఇక్కడ రాయండి. పాత రింగు ఫోటో కూడా పెడితే ఏ రబ్బరు వేయాలో, అసలు వాల్వే పెద్దదైందో చెప్పడం తేలిక.