తొమ్మిదికి తొమ్మిదీ గెలిచినా పిలుపు రాని జట్టు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అమెరికాలో ఒక కాలేజీ ఫుట్‌బాల్ జట్టు సీజన్ మొత్తంలో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదట, అయినా చివర్లో పెద్ద పోటీకి పిలవలేదట, ఆపైన జట్టునే ఎత్తేశారట. నిజమేనా సార్? గెలిచినవాళ్లను పిలవకపోవడం ఏమిటి?

జవాబు: నిజమేనండి. అది 1951 నాటి యూనివర్సిటీ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు, ముద్దుపేరు డాన్స్ (Dons, నాట్యం కాదు). ఆడినవి తొమ్మిది, గెలిచినవీ తొమ్మిదే. (ఇది మనం టీవీలో చూసే మెస్సీ ఫుట్‌బాల్ కాదు, కోలగా ఉండే బంతిని చంకలో ఇరికించుకుని, మీద పడేవాళ్లను తప్పించుకుంటూ పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్.)

మీ అనుమానం న్యాయమైనదే కానీ ఆ రోజుల్లో కాలేజీ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్, ఫైనల్ అంటూ ఏమీ లేవు. సీజన్ అయిపోయాక కొత్త సంవత్సరం రోజుల్లో బౌల్ గేములని జరిగేవి, ఒక్కోదానికి ఆ ఊరివాళ్ల కమిటీ ఒకటి ఉండేది, ఎవరిని పిలవాలన్నది ఆ కమిటీ ఇష్టం. వీళ్ల సొంత రాష్ట్రం కాలిఫోర్నియాలోనే రోజ్ బౌల్ ఉంది కదా అంటారేమో, అది అప్పటికే రెండు పెద్ద కాన్ఫరెన్సులు, అంటే కాలేజీ జట్ల కూటములు, ఒప్పందం రాసుకుని పంచేసుకున్న ఆట. డాన్స్ ఏ కాన్ఫరెన్సులోనూ లేరు. తమాషా ఏమిటంటే వాళ్లు సీజన్‌లో చివరి మ్యాచ్ ఆడి లయోలాను 20-2తో ఓడించింది ఆ రోజ్ బౌల్ స్టేడియంలోనే! ఇక మిగిలిన పెద్ద బౌల్స్‌లో షుగర్ న్యూ ఆర్లీన్స్‌లో, ఆరెంజ్ మయామిలో, గేటర్ జాక్సన్‌విల్‌లో. అన్నీ అమెరికా దక్షిణాదివే. అసలు చిక్కు అక్కడే వచ్చింది.

ప్రశ్న: ఏమిటా చిక్కు? కాస్త వివరంగా చెప్పండి.

జవాబు: జట్టులో ఇద్దరు నల్లజాతి ఆటగాళ్లు ఉన్నారు, ఓలీ మాట్సన్, బర్ల్ టోలర్. దక్షిణాదిలో బడి దగ్గర్నుంచి బస్సు దాకా తెల్లవాళ్లకు వేరు, నల్లవాళ్లకు వేరు అని చట్టమే ఉన్న కాలం. ఆ ఇద్దరినీ ఇంటి దగ్గర వదిలేసి వస్తే చూద్దాం అన్నది బౌల్ వాళ్ల మాట. కుర్రాళ్లు వాళ్లు లేకుండా మేం రాం అన్నారు, అంతటితో అయిపోయింది.

ఇది ఊరికే పౌరుషానికి పోయిన కథలా చెప్తుంటారు, నాకు మాత్రం అందులో డబ్బు సంగతే ఎక్కువ బాధగా అనిపిస్తుంది. ఆ కాలేజీకి ఫుట్‌బాల్ నష్టాల బేరం. వీళ్లు ఆడే కీజర్ స్టేడియంలోనే ప్రొఫెషనల్ జట్టు ఫోర్టీ నైనర్స్ కూడా ఆడేది, మరి టికెట్ కొనే జనం ఎటు పోతారు? ఒక్క బౌల్ గేము ఆడి ఉంటే ఆ డబ్బుతో ఊపిరి పీల్చుకునేవాళ్లే. అది రాలేదు, ఆ సీజన్‌తోనే యాజమాన్యం జట్టును మూసేసింది. ఇంకా ఏడాది ఆట మిగిలి ఉన్న బాబ్ సెయింట్ క్లెయిర్ అనే ఆజానుబాహువు వేరే యూనివర్సిటీలో చేరి ఆడుకోవాల్సొచ్చింది.

ప్రశ్న: చిన్నాచితకా జట్లతో ఆడి గెలిచారు, అందుకే పిలవలేదని మా అబ్బాయి వాదిస్తున్నాడు. ఏమంటారు?

జవాబు: మీవాడి మాటలో కొంత నిజం ఉంది. వాళ్లు ఓడించినవాళ్లలో సైనిక స్థావరాల జట్లు కూడా ఉన్నాయి, అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) అనే వార్తాసంస్థ ఇచ్చే ర్యాంకింగ్స్‌లోనూ 14వ స్థానంతోనే సరిపెట్టుకున్నారు. కానీ ఈ ఒక్క లెక్క మీవాడికి చూపించండి: కాలేజ్ ఆఫ్ ద పసిఫిక్ జట్టును డాన్స్ 47-14తో చితక్కొట్టారు, అలా ఓడిన ఆ పసిఫిక్ జట్టుకేమో సన్ బౌల్ నుంచి పిలుపు వచ్చింది!

ఇక ఆటగాళ్ల సత్తా అంటారా, న్యూయార్క్ వెళ్లి ఫోర్డమ్‌తో ఆడిన మ్యాచ్ చాలు. కిక్ఆఫ్ అంటే అవతలివాళ్లు బంతిని మన చివరికంటా తన్నేస్తారు, అది పట్టుకున్నవాడికి ఎదురుగా పదకొండు మంది పూర్తి వేగంతో దూసుకొస్తుంటారు, పాతిక గజాలు ముందుకు లాక్కొస్తే భేష్ అంటారు. మాట్సన్ ఆ రోజు ఒకసారి 94 గజాలు, మరోసారి 90 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ (బంతిని అవతలి చివరి గీత దాటిస్తే వచ్చే ఆరు పాయింట్లు) చేశాడు. డాన్స్ 32-26తో బయటపడ్డారు, అంటే అవి లేకపోతే ఓడేవాళ్లే. ఆ ఏడాది దేశం మొత్తమ్మీద ఎక్కువ గజాలు పరిగెత్తింది కూడా అతనే, 1,566. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌కు వెళ్లి 400 మీటర్లలో కాంస్యం, రిలేలో రజతం తెచ్చుకున్నాడు. అతను, సెయింట్ క్లెయిర్, జీనో మార్కెట్టి, ముగ్గురూ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు. ఒకే కాలేజీ జట్టు నుంచి ముగ్గురు! అన్నట్టు ఆ జట్టు ప్రచారం చూసుకున్న కుర్రాడు పీట్ రోజెల్, 1960లో ఏకంగా ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) కమిషనర్, అంటే దాని అధిపతి, అయ్యాడు.

ప్రశ్న: మాట్సన్ గురించి అందరూ రాస్తారు. రెండో అతను, టోలర్ ఏమయ్యాడు?

జవాబు: మంచి ప్రశ్న. 1952లో ఒక ఆల్‌స్టార్ మ్యాచ్‌లో మోకాలు దెబ్బతింది, ప్రొఫెషనల్ ఆట మొదలవకుండానే ముగిసింది. మనిషి మాత్రం మైదానం వదల్లేదు. 1965లో ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మొట్టమొదటి నల్లజాతి అఫీషియల్‌గా (మైదానంలో నిలబడి తీర్పు చెప్పే అంపైర్ లాంటివాడు) చేరాడు, 1980 సూపర్ బౌల్‌లోనూ, అంటే ఆ లీగ్ ఫైనల్‌లోనూ, అఫీషియల్‌గా నిలబడ్డాడు. వారమంతా మాత్రం శాన్‌ఫ్రాన్సిస్కోలో బడి ఉద్యోగమే, అక్కడ ఒక మిడిల్ స్కూల్‌కు ప్రిన్సిపాల్‌గా చేశాడు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆ యూనివర్సిటీలో ఒక హాస్టల్ భవనానికి జేమ్స్ ఫీలన్ అనే పాత సెనేటర్ పేరుండేది, కాలిఫోర్నియాను తెల్లవాళ్లదిగానే ఉంచాలని 1920లో ఓట్లడిగిన పెద్దమనిషి. విద్యార్థులు గట్టిగా పట్టుబడితే 2017లో ఆ పేరు తీసేసి టోలర్ పేరు పెట్టారు.