ప్రతి ఏడూ అదే నెలలో తుమ్ములు, అది జలుబేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్కారం. నాకు 34 ఏళ్ళు. నాలుగేళ్ళుగా ప్రతి ఏడూ సరిగ్గా ఒకే సీజన్‌లో మొదలవుతుందండి, పొద్దున లేవగానే వరసపెట్టి పది పదిహేను తుమ్ములు, ముక్కులోంచి నీళ్ళు ధార కట్టినట్టు, కళ్ళు దురద పుట్టి ఎర్రగా అయిపోతాయి. జలుబే అనుకుని యాంటీబయాటిక్ కూడా వాడాను, ఏం తగ్గలేదు. తర్వాత ఒక డాక్టర్ గారు హే ఫీవర్ అని చెప్పి ముక్కులో కొట్టుకునే స్ప్రే రాశారు, మూడు రోజులు వాడి లాభం లేదని మానేశాను. అసలు జ్వరమే లేనప్పుడు ఫీవర్ అంటారేంటండీ? దీనికి సరైన మందు లేదా?

జవాబు: మందు ఉందమ్మా, మీ చేతిలోనే ఉంది, మూడు రోజులకే మానేశారు అదే బాధ. పేరు సంగతి కూడా చెప్తాను. హే అంటే ఎండుగడ్డి, ఫీవర్ అంటే జ్వరం, కానీ ఇందులో జ్వరమూ లేదు, ఎండుగడ్డి పాత్రా పెద్దగా లేదు. 1819లో జాన్ బోస్టాక్ అనే ఇంగ్లండ్ డాక్టర్ ఏటా వేసవిలో తనకే వచ్చే ఈ బాధ గురించి వివరంగా రాశాడు, అప్పట్లో జనం కొత్తగా కోసిన గడ్డి వాసన వల్లే ఇది వస్తుందనుకునేవాళ్ళు, ఆ పేరే ఉండిపోయింది. అసలు కారణం పుప్పొడి అని 1873లో చార్లెస్ బ్లాక్లీ తన మీద తనే పరీక్షలు చేసుకుని చూపించాడు.

ఏం జరుగుతుందంటే, గాలిలో వచ్చే పుప్పొడిని మన ఒంట్లోని రక్షణ వ్యవస్థ శత్రువు అని పొరబడి దానికోసం ప్రత్యేకంగా యాంటీబాడీలు తయారుచేసి పెట్టుకుంటుంది, మళ్ళీ ఆ పుప్పొడి ముక్కులోకి వెళ్ళగానే హిస్టమిన్ అనే పదార్థం ఒక్కసారిగా విడుదలవుతుంది. తుమ్ములు, నీళ్ళు, దురద అన్నీ దాని పనే. క్రిమి ఏదీ లేదు కాబట్టి యాంటీబయాటిక్ వల్ల ప్రయోజనం ఉండదు. జలుబైతే వారం పదిరోజుల్లో పోతుంది, ఇది వారాల తరబడి ఉంటుంది, పైగా ముక్కు, కళ్ళు, ఒక్కోసారి అంగిలి కూడా దురద పెడుతుంది. నేనైతే ముందు ఆ దురద గురించే అడుగుతాను.

ఇప్పుడు స్ప్రే. ఫ్లూటికసోన్, మొమెటసోన్ లాంటివి ముక్కు లోపలి వాపుని మెల్లగా తగ్గించే స్టెరాయిడ్ మందులు, కొట్టగానే ఫలితం చూపించేవి కావు. పూర్తి గుణం తెలియడానికి రెండు వారాల దాకా పట్టొచ్చు, రోజూ వాడాలి. మీకు ఏ నెలలో వస్తుందో తెలుసు కదా, దానికి రెండు వారాల ముందే మొదలుపెట్టండి. వాడే పద్ధతి కూడా ముఖ్యం, చాలామంది తల పైకెత్తి గట్టిగా పీలుస్తారు, మందంతా గొంతులోకి పోతుంది. తల కొంచెం ముందుకి వంచి, కుడి చేత్తో ఎడమ ముక్కులో, ఎడమ చేత్తో కుడి ముక్కులో, మధ్య గోడ మీద కాకుండా చెవి వైపుకి గురిపెట్టి కొట్టండి, మెల్లగా గాలి పీల్చండి చాలు. స్టెరాయిడ్ అనగానే భయపడతారు గానీ సరైన డోసులో వాడితే ఒంట్లోకి చేరేది చాలా తక్కువ.

తుమ్ములు, దురద వెంటనే తగ్గాలంటే సెట్రిజిన్, లోరాటడిన్, ఫెక్సోఫెనడిన్ లాంటి మాత్రలు ఉన్నాయి. సెట్రిజిన్‌తో కొందరికి నిద్రమత్తు వస్తుంది, మీకు ఎలా ఉంటుందో తెలిసేదాకా బండి నడపకండి. ఫెక్సోఫెనడిన్ పండ్లరసంతో వేసుకోకండి, మందు సరిగ్గా ఒంటికి పట్టదు. గర్భంతో ఉన్నా, వేరే మందులు వాడుతున్నా డాక్టర్‌ని అడిగాకే వేసుకోండి. ఇంకో జాగ్రత్త, ముక్కు దిబ్బడ వెంటనే విడిపోయే చుక్కల మందులుంటాయి చూడండి, అవి నాలుగైదు రోజులు మించితే మానగానే దిబ్బడ ఇంకా ఎక్కువవుతుంది, దాంతో మళ్ళీ అవే చుక్కలు, అలా నెలల తరబడి వాటికే అలవాటు పడిపోయినవాళ్ళని చూస్తే నాకు చాలా బాధేస్తుంది.

బయటనుంచి రాగానే స్నానం చేసి బట్టలు మార్చుకోండి, జుట్టులో పుప్పొడి ఉంటే రాత్రి దిండు మీదకి చేరుతుంది. ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కున్నా హాయిగా ఉంటుంది, కానీ నీళ్ళు మరిగించి చల్లార్చినవే వాడాలి, పచ్చి కుళాయి నీళ్ళు వద్దు.

ప్రశ్న: మా ఇంటి ముందు రంగురంగుల పూలమొక్కలు ఉన్నాయి. నాకు పుప్పొడి ఎలర్జీ అని చెప్పారు, అవన్నీ తీసెయ్యాలా?

జవాబు: తొందరపడకండి. రంగు పూల పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది, దాన్ని తేనెటీగలు మోసుకెళ్తాయి, గాలిలో పెద్దగా ఎగరదు. ఎక్కువగా ఇబ్బందిపెట్టేవి గాలితో పుప్పొడి చల్లే గడ్డి, కొన్ని రకాల చెట్లు, కలుపు మొక్కలు, వాటి పూలు మన కంటికి ఆనవు కూడా. మీకు ఏది పడదో స్కిన్ ప్రిక్ టెస్ట్‌లో, అంటే చర్మం మీద చిన్నగా గుచ్చి చేసే పరీక్షలో, పావుగంట, ఇరవై నిమిషాల్లో తెలుస్తుంది, దానికి కొన్ని రోజుల ముందు నుంచి ఎలర్జీ మాత్రలు ఆపాలి, ఎన్నాళ్ళు అనేది టెస్ట్ చేసేవాళ్ళే చెప్తారు.

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్ళు. ఎప్పుడూ అరచేత్తో ముక్కుని పైకి రుద్దుతూ ఉంటాడు, ఈమధ్య రాత్రిళ్ళు దగ్గు, ఊపిరి తీస్తుంటే పిల్లికూతల్లా వినిపిస్తోంది. ఎలర్జీయే కదా, అదే తగ్గుతుందిలే అంటున్నారు మావాళ్ళు.

జవాబు: తగ్గుతుందిలే అని ఆగకండమ్మా, ఈ వారంలోనే చూపించండి. ముక్కు ఎలర్జీ ఉన్న పిల్లల్లో కొందరికి ఆస్తమా కూడా ఉంటుంది, మీరు చెప్పిన ఆ పిల్లికూతలు దాని గుర్తు కావచ్చు. ఊపిరి పీలుస్తుంటే పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకున్నా, మాట పూర్తిగా అనలేకపోతున్నా, పెదాలు నీలంగా అనిపించినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.