తాతగారి ఉపన్యాసం తీసెయ్

తమ్ముడూ,

నీ పిల్లల నవల రాత్రే పూర్తి చేశాను. కథ బావుంది, కానీ పదకొండో అధ్యాయంలో తాతగారు దేవుడు, ప్రేమ, సైన్సు మూడూ ఒకటే అంటూ నాలుగు పేజీలు అందుకునేసరికి నాకే ఆవలింతలొచ్చాయి, ఇక పదేళ్ల పిల్లలేం ఆగుతారు చెప్పు!

అమెరికన్ రచయిత్రి మేడలిన్ లెంగిల్ రాసిన పిల్లల నవల 'ఎ రింకిల్ ఇన్ టైమ్' (1962) చదివే ఇది మొదలుపెట్టానన్నావు కదా, మళ్లీ ఒకసారి తియ్యి. ఈసారి కథ కోసం కాదు, పనితనం కోసం. దూరాన్ని మడతపెట్టి దాటడం గురించి ఆవిడ ఎలా చెప్పిందో చూడు: పిల్లల్ని వేరే లోకాలకు తీసుకెళ్లే ముగ్గురు వింత ఆడవాళ్లలో ఒకరైన మిసెస్ హూ తన తెల్ల అంగీని రెండు చేతులతో బిగించి పట్టుకుంటుంది, ఈ చేతి నుంచి ఆ చేతికి ఓ చిన్న పురుగు నడవాలంటే ఎంత దూరమో, చేతులు రెండూ దగ్గరికి తెచ్చేస్తే ఆ దూరమే లేదు. అయిపోయింది ఫిజిక్సు పాఠం.

ఇంకోచోట, అందరి బుర్రల్నీ ఒకే లయలోకి లాగేసే 'ఇట్' అనే పెద్ద మెదడుని తట్టుకోడానికి కథానాయిక మెగ్ హైడ్రోజన్, హీలియం అంటూ మూలకాలు వల్లిస్తుంటే, లయ ఎక్కువైపోయింది, ఐదు వర్గమూలం ఎంతో చెప్పు అని వాళ్ల నాన్న అరుస్తాడు. 2.236! (మన ఎక్కాల పాటైతే అక్కడ అసలు పనికొచ్చేది కాదు.)

కానీ చివర్లో మెగ్ తమ్ముడు చార్లెస్ వాలెస్‌ని 'ఇట్' పట్టు నుంచి విడిపించేది లెక్కలు కాదు, ప్రేమే. అది కూడా తేలిగ్గా ఇవ్వలేదావిడ. 'ఇట్'ని ప్రేమించడం మెగ్ వల్ల కాదు, చార్లెస్ వాలెస్‌ని మాత్రమే ప్రేమించగలదు. అది మనం నమ్ముతాం, ఎందుకంటే మొదటి అధ్యాయంలోనే, తుఫాను రాత్రి మెగ్ వంటింట్లోకి వచ్చేసరికి ఆ ఐదేళ్లవాడు ఆమె కోసం పాలు వెచ్చబెడుతూ ఉంటాడు. అమ్మకి కూడా సరిపడా పోసి మరీ.

విశ్వాసం దగ్గర మాత్రం ఆవిడా కాస్త తడబడిందని నా అభిప్రాయం. ఆ కథలో చెడుకి గుర్తైన చీకటితో పోరాడినవాళ్లంటూ ఏసుతో మొదలుపెట్టి ఐన్‌స్టీన్, గాంధీ, బుద్ధుడు అని పేర్లు ఏకరువు పెట్టిన చోట కథ ఆగి క్లాసు మొదలవుతుంది. అన్నట్టు, ఏసు పక్కన ఆ పేర్లు పెట్టిందనే అమెరికాలో కొందరు క్రైస్తవులు ఆ పుస్తకం మీద మండిపడ్డారు, ఆవిడేమో నికార్సైన భక్తురాలు!

కాబట్టి తాతగారి నాలుగు పేజీలూ కొట్టెయ్. నీ కథలో అక్క చెల్లెలి కోసం ప్రాణం పెడుతుంది సరే, ఆ చెల్లెలు అక్క కోసం ఏ రోజైనా ఏమైనా చేసిందా? మొదటి ఇరవై పేజీల్లో నాకెక్కడా కనబడలేదు. అది రాసి పంపు, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.