150 ఏహెచ్ బ్యాటరీ, 540 వాట్ల సోలార్ ప్యానెల్: ఏ ఛార్జ్ కంట్రోలర్ తీసుకోవాలి?

నర్సంపేట నుంచి అడిగిన అన్నా, మీరు రాసింది ఇదీ: ఇంట్లో మామూలు ఇన్వర్టర్, 12 వోల్టుల, 150 ఏహెచ్ (ఎంత కరెంటు దాచుకోగలదో చెప్పే అంకె) ట్యూబులర్, అంటే నీళ్లు పోసే రకం బ్యాటరీ ఒకటి ఉన్నాయి. బావమరిది దగ్గర మిగిలిన 540 వాట్ల ప్యానెల్ ఒకటి దొరికింది. ప్యానెల్ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు పంపే ఛార్జ్ కంట్రోలర్ కోసం అడిగితే, ఒక షాపులో వెయ్యి రూపాయల 20 ఆంప్స్ పీడబ్ల్యూఎం రకం చాలన్నారు, ఇంకో షాపులో ఎంపీపీటీ రకం లేకుంటే దండగ అన్నారు. ఎవరి మాట వినాలి?

ఎంపీపీటీ తీసుకోండి. కానీ డబ్బాలో ముందు చూడాల్సింది ఆంప్స్ కాదు, ప్యానెల్ వైపు ఎన్ని వోల్టుల దాకా తట్టుకుంటుందన్నది. ఈ సంగతి నాకు ఒక కంట్రోలర్ కాలిపోయాక తెలిసింది.

మాది పరకాల వైపు ఊరు. రెండు 540 వాట్ల ప్యానెళ్లు, రెండు 150 ఏహెచ్ బ్యాటరీలతో 24 వోల్టుల సిస్టమ్ పెట్టించుకున్నాను. బిగించిన అతను రెండు ప్యానెళ్లను సిరీస్‌లో, అంటే వోల్టులు కూడేలా కలిపాడు. ప్యానెల్ వెనక లేబుల్ మీద ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ (దేనికీ కలపనప్పుడు ప్యానెల్ ఇచ్చే వోల్టులు) 49.5 అని ఉంది. రెండూ కలిస్తే 99. కంట్రోలర్ 100 వోల్టులది. "సరిగ్గా సరిపోయింది సార్" అన్నాడు, నేనూ నమ్మాను. మే నెలలో పెట్టాం, ఎండాకాలం, వానాకాలం ఏ ఇబ్బందీ రాలేదు. జనవరిలో ఒకరోజు పొద్దున్నే చలి బాగా ఉంది, ఆకాశం మబ్బు లేకుండా తేటగా ఉంది. ఎనిమిది గంటలకు చూస్తే కంట్రోలర్ డిస్‌ప్లే చీకటి. విప్పి చూస్తే లోపల కాలిన వాసన. వారంటీకి పంపితే, లోపల రికార్డయిన గరిష్ఠ వోల్టేజ్ 103 అని చూపించి తిప్పి పంపారు.

ఎందుకలా అయిందో తర్వాత అర్థమైంది. లేబుల్ మీద ఉండే అంకె 25 డిగ్రీల దగ్గర కొలిచింది. ప్యానెల్ చల్లబడే కొద్దీ వోల్టేజ్ పెరుగుతుంది, డిగ్రీకి దాదాపు 0.3 శాతం. మన దగ్గర చలికాలం పొద్దున 11, 12 డిగ్రీలకు దిగితే 99 కాస్తా 103 అవుతుంది. ఎండాకాలం ఏమీ కాకపోవడానికి కారణం కూడా ఇదే, వేడికి వోల్టేజ్ తగ్గింది. ఆంప్స్ ఎక్కువైతే మంచి కంట్రోలర్ తన హద్దు దగ్గర ఆపేసుకుంటుంది, మిగతాది వాడుకోదు అంతే. వోల్టులు హద్దు దాటితే మాత్రం ఆపుకునే దారి లేదు, లోపలి భాగాలు కాలిపోతాయి.

ఇప్పుడు మీ వెయ్యి రూపాయల పీడబ్ల్యూఎం సంగతి. అలాంటి చాలా వాటి మీద 12 వోల్టుల బ్యాటరీకి పెడితే ప్యానెల్ 25 వోల్టులు దాటొద్దని, 24కు పెడితే 50 దాటొద్దని రాసి ఉంటుంది. మీ ప్యానెల్ ఒక్కటే దాదాపు 50 వోల్టులు ఇస్తుంది. అంటే నష్టం, లాభం అనే లెక్కకు ముందే అది మీ ప్యానెల్‌కు పనికిరాదు.

ఒకవేళ తట్టుకుంటుందనే అనుకున్నా లెక్క చూడండి. పీడబ్ల్యూఎం ప్యానెల్‌ను నేరుగా బ్యాటరీకి కలిపి తీసే స్విచ్ లాంటిది. కలిపినప్పుడు ప్యానెల్ వోల్టేజ్ బ్యాటరీ వోల్టేజ్ దగ్గరికి పడిపోతుంది. మీ ప్యానెల్ 41 వోల్టుల దగ్గర 13 ఆంప్స్ ఇచ్చే రకం. అదే 13 ఆంప్స్ 13 వోల్టుల దగ్గరున్న మీ 12 వోల్టుల బ్యాటరీలోకి పోతే వచ్చేది 170 వాట్లు. 540లో మూడో వంతు కూడా లేదు. ఎంపీపీటీ అలా కాదు, ఎక్కువ వోల్టులను తగ్గించి ఆ మేరకు ఆంప్స్ పెంచి ఇస్తుంది. పాత 36 సెల్స్ ప్యానెల్, అంటే 18 వోల్టుల దగ్గర పనిచేసే 100, 150 వాట్ల చిన్న ప్యానెల్ ఉన్నవాళ్లకు పీడబ్ల్యూఎం బాగానే సరిపోతుంది, వాళ్లను ఎంపీపీటీ కొనమని నేను చెప్పను. మీ పెద్ద ప్యానెల్‌కు మాత్రం వేరే మార్గం లేదు.

ఎన్ని ఆంప్స్? 540ని ఛార్జింగ్ వోల్టేజ్ 13.5తో భాగిస్తే 40. కానీ మన వేడికి ప్యానెల్ 65 డిగ్రీల దాకా ఎక్కుతుంది, అప్పుడు ఇచ్చేది 460 వాట్ల దగ్గరే ఉంటుంది, అందులో కంట్రోలర్ నష్టం పోను 32 ఆంప్స్ చేతికి వస్తాయి. మీ బ్యాటరీకి కూడా ఒక హద్దుంది. 150 ఏహెచ్ ట్యూబులర్‌కు 15 ఆంప్స్ హాయైన ఛార్జింగ్, 30 దాటించకూడదు. అందుకని 100 వోల్టులు, 40 ఆంప్స్ ఎంపీపీటీ తీసుకుని, సెట్టింగ్‌లో 25 ఆంప్స్‌కు పరిమితం చేయండి. 30 ఆంప్స్‌దీ పనిచేస్తుంది. కానీ రోహిణి కార్తెలో మూసిన గదిలో పూర్తి లోడ్ మీద నడిస్తే బాగా వేడెక్కి తనంతట తానే తగ్గించుకుంటుంది. పెద్దది తన హద్దుకు చాలా తక్కువ బరువు మోస్తూ చల్లగా ఉంటుంది.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. పీడబ్ల్యూఎం డబ్బా మీదనే ఎంపీపీటీ అని ముద్రేసి అమ్ముతున్నారు. అసలైనదానిలో పెద్ద కాయిల్ ఉంటుంది, వెనక అల్యూమినియం రెక్కలుంటాయి, చేతిలో పట్టుకుంటే బరువు తెలుస్తుంది. బిగించాక ఇంకా గట్టి పరీక్ష ఉంది. మధ్యాహ్నం ఎండలో, బ్యాటరీ ఇంకా నిండకముందు, ప్యానెల్ వైర్ల దగ్గర మల్టీమీటర్ పెట్టండి. 35, 40 వోల్టులు చూపిస్తే అసలుది. 13, 14 చూపిస్తే మోసం, ఆ రోజే తిరిగి ఇచ్చేయండి.

మా దగ్గర చాలామంది పట్టించుకోనిది టెంపరేచర్ సెన్సర్. బ్యాటరీకి తగిలించే చిన్న వైరు అది. 25 డిగ్రీల దగ్గర ట్యూబులర్‌కు 14.4 వోల్టుల దాకా ఛార్జ్ చేస్తే, 40 డిగ్రీల గదిలో 14 చుట్టుపక్కల ఆపాలి. సెన్సర్ లేకపోతే కంట్రోలర్‌కు ఆ వేడి తెలియదు, 14.4కే నెడుతూ ఉంటుంది, బ్యాటరీలో నీళ్లు త్వరగా తగ్గిపోతాయి. సెన్సర్ పెట్టకముందు నేను ఎండాకాలం ప్రతి మూడు వారాలకు డిస్టిల్డ్ వాటర్ పోసేవాణ్ణి, పెట్టాక రెండు నెలలకోసారి చాలుతోంది. సెన్సర్‌కు చోటు లేని మోడల్‌ను వరంగల్ ఎండలకు కొనొద్దు. రేపు లిథియం బ్యాటరీకి మారే ఆలోచన ఉంటే, వోల్టులు మనమే సెట్ చేసుకునే వీలున్నది చూడండి. లిథియంకు ఈ టెంపరేచర్ సర్దుబాటు, ఈక్వలైజేషన్ (అప్పుడప్పుడు ఎక్కువ వోల్టులతో చేసే ఛార్జింగ్) రెండూ ఆపేయాలి.

మీరు అడగలేదు గానీ చెప్పాల్సినది ఇంకోటి. మీది మామూలు ఇన్వర్టర్ కాబట్టి రాత్రంతా కరెంటుతోనే బ్యాటరీని నింపేస్తుంది. పొద్దున ఎండ వచ్చేసరికి ప్యానెల్‌కు పనుండదు, బిల్లూ తగ్గదు. "సోలార్ పెట్టినా లాభం లేదు" అనేవాళ్లలో చాలామంది సంగతి ఇదే. పగలు కరెంటు ఛార్జింగ్ ఆపి సోలార్‌కు ముందు అవకాశమిచ్చే సోలార్ మేనేజ్‌మెంట్ యూనిట్ అని విడిగా దొరుకుతుంది. అది వద్దనుకుంటే, ఎండ ఉన్న రోజుల్లో పొద్దున తొమ్మిదికి ఇన్వర్టర్ మెయిన్స్ ప్లగ్ ఆపి సాయంత్రం వేయండి. ఫ్యాన్లు, లైట్లు, టీవీ ప్యానెల్ మీదే నడుస్తాయి. మబ్బు పట్టిన రోజు మాత్రం ఆపొద్దు.

ఇన్వర్టర్‌ను కంట్రోలర్ మీదున్న లోడ్ టెర్మినల్స్‌కు కలపకండి, నేరుగా బ్యాటరీకే ఉండనివ్వండి. ఇన్వర్టర్ లాగే కరెంటును ఆ టెర్మినల్స్ మోయలేవు. కంట్రోలర్‌ను బ్యాటరీ పక్కనే పెట్టి మధ్యలో 10 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వాడండి. నాలుగు స్క్వేర్ ఎంఎం వేస్తే మూడు మీటర్ల దూరానికే ముప్పావు వోల్టు పోతుంది, బ్యాటరీ నిండిందని కంట్రోలర్ పొరబడుతుంది. బ్యాటరీ ప్లస్ దగ్గర ఫ్యూజ్ తప్పనిసరి. ప్యానెల్ వైపు డీసీ ఎంసీబీనే పెట్టాలి, ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ డీసీ మంటను ఆపలేదు. కలిపేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. తీసేటప్పుడు ముందు ప్యానెల్. మిద్దె మీది వైర్లను పైపులోంచి తీసుకెళ్లండి, మా వీధిలో కోతులు రెండిళ్లలో వైర్లు పీకేశాయి.

ప్యానెల్ వెనక లేబుల్ ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ 49.5 కాకుండా వేరేది ఉంటే లెక్క మళ్లీ వేసి చెబుతాను.