పాలిథీన్‌కి గమ్ ఎందుకు పట్టదు, నున్నగా ఉన్నందుకా?

నున్నగా ఉన్నందుకు కాదండీ. అందరూ అదే చెప్తా ఉంటే ఊరుకోలేక రాస్తున్నా. గాజు అంతకన్నా నున్నన, దానికి గమ్ పట్టట్లా?

మైపాడు కాడ మా రొయ్యల గుంటకి నీళ్ళు ఇంకకుండా హెచ్‌డీపీఈ లైనర్ వేశాం, అంటే గట్టి రకం పాలిథీన్ షీటు. సీడ్ (రొయ్య పిల్లలు) వదిలిన ఇరవై రోజులకి గట్టు వారన జానెడు చిరిగి నీళ్ళు దిగిపోతా ఉన్నాయి. రాత్రికి రాత్రి నెల్లూరు పోయి అడిగితే షాపోడు "ప్లాస్టిక్కే కదన్నా, అంటుద్ది" అని పీవీసీ పైపుల సొల్యూషన్ డబ్బా చేతిలో పెట్టాడు. నీళ్ళు కాస్త తగ్గించి, టార్చి వెలుగులో తుడిచి ఆరబెట్టి పూసి, ముక్క అతికించి పైన ఇసక మూట పెట్టి తెల్లవార్లూ కూచున్నాం నేనూ మా బావమరిదీ. పొద్దున మూట తీస్తే ముక్క చేతికొచ్చేసింది, సొల్యూషన్ ఎండి పొరలాగా ఊడొచ్చింది, లైనర్ మీద మరక కూడా లేదు.

పీవీసీలో క్లోరిన్ ఉంటది, ఆ బంధానికి ధ్రువత్వం ఉంది, అంటే ఒక కొస కాస్త ప్లస్సు, ఇంకో కొస కాస్త మైనస్సు, సొల్యూషన్ దాన్ని కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తది. పాలిథీన్‌లో ఉండేది కార్బన్, హైడ్రోజన్ అంతే, గమ్ పట్టుకోడానికి పైన ఏమీ లేదు, మామూలు వేడిలో ఏ సొల్యూషన్‌కీ కరగదు. నీటి చుక్క వేసి చూడండి, పరుచుకోకుండా గుండ్రంగా నిలబడుద్ది. టెన్త్‌లో సమయోజనీయ బంధం అని చుక్కలు గీయించి మార్కులేస్తారే గానీ ఈ ఒక్క ముక్క పిల్లలకి చెప్పరు, నాకు ఆ బాధ చాలా ఉంది.

మరి పాల ప్యాకెట్ కూడా పాలిథీనే కదా, దాని మీద రంగు ఎట్టా నిలిచింది అంటారా, ప్రింటింగ్‌కి ముందు ఆ కవర్‌ని హై వోల్టేజి డిశ్చార్జి కింద నడిపిస్తారు, కరోనా ట్రీట్‌మెంట్ అంటారు, పైపైన బంధాలు తెగి ఆక్సిజన్ చేరుద్ది, సెంటీమీటరుకి 31 డైన్ల దగ్గరున్న సర్ఫేస్ ఎనర్జీ (ఇంకునీ గమ్‌నీ పట్టుకునే పైపొర శక్తి) 38 దాటుద్ది, అప్పుడు ఇంకు పట్టుద్ది. రోలు నెలల తరబడి గోడౌన్‌లో పడుంటే ఆ గుణం మళ్ళీ తగ్గిపోద్ది.

మా లైనర్‌కి చివరికి ఒంగోలు నుంచి వెల్డింగ్ కుర్రాడొచ్చి వేడి గాలి గన్నుతో రెండు పొరలూ మెత్తబరిచి రోలర్‌తో నొక్కాడు, గమ్ చుక్క వాడలా, పది నిమిషాల పని. దాని మీద మూడు పంటలు తీశాం. మీ బకెట్ అడుగున కూడా త్రికోణంలో 2 గానీ 4 గానీ (పాలిథీన్ రకాలు) 5 గానీ (దాని లాంటిదే పాలీప్రొపిలీన్) ఉంటే మామూలు గమ్‌కి డబ్బులు పెట్టబాకండి, వేడితో అతికించే వాళ్ళ దగ్గరికి తీసకపోండి.