‘అమెరికా రాయబారి’ ఎవరి రాయబారి?

సందేహం: ‘అమెరికా రాయబారి నియామకం’ అన్న శీర్షిక చూసి, ఆ దేశం మన దగ్గరికి ఎవరినో పంపుతోందనుకున్నాను. లోపల చదివితే మన ప్రభుత్వమే అక్కడికి ఒక అధికారిని పంపుతోందని తెలిసింది. శీర్షిక తప్పా, నేను తప్పుగా చదివానా? ‘అమెరికాకు రాయబారి’, ‘అమెరికాలో రాయబారి’ వీటిలో ఏది సరైనది? ‘నామినేట్ చేశారు’, ‘నియమించారు’ రెండూ ఒకటేనా?
– ఒక డిగ్రీ విద్యార్థిని

సమాధానం: మీరు సరిగానే చదివారు. తప్పు శీర్షికదే.

‘అమెరికా రాయబారి’ షష్ఠీ తత్పురుష. విడదీస్తే ‘అమెరికా యొక్క రాయబారి’, అంటే అమెరికా పంపినవాడు. ఇది వ్యాకరణం పుస్తకంలో మాత్రమే ఉన్న మాట కాదు, మన చెవికి తరతరాలుగా అలవాటైన అర్థం. సంజయుడు ఎవరి రాయబారి అని అడిగితే ధృతరాష్ట్రుడి రాయబారి అంటాం. ఆయన వెళ్ళింది పాండవుల దగ్గరికే అయినా ‘పాండవుల రాయబారి’ అనం. అలా అంటే అది కృష్ణుడికి చెందుతుంది. రాయబారి మాటకు ముందు విభక్తి లేకుండా నిలిచే పేరు పంపినవారిది. ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1949 నుంచి 1952 దాకా మాస్కోలో మన దేశం తరఫున పనిచేశారు. ఆయన్ని ‘సోవియట్ రాయబారి’ అని రాస్తే, ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపకులపతిగా ఉన్న పెద్దమనిషిని ఒక్క మాటతో పరాయి దేశపు ప్రతినిధిని చేసినట్టే. ‘సోవియట్ యూనియన్‌లో భారత రాయబారి’ అని రాయాలి. శీర్షికలో చోటు చాలదనే వాదన నేను ఒప్పుకోను. ‘అమెరికాలో మన రాయబారి’ అనడానికి అదనంగా పట్టేది మూడు అక్షరాలే.

ఇక ‘కు’, ‘లో’ సంగతి. ‘కు’ విభక్తికి పక్కన కదలికను చెప్పే క్రియ ఉంటే అందం: అమెరికాకు రాయబారిగా పంపారు, వెళ్ళారు. క్రియ లేకుండా ‘అమెరికాకు రాయబారి’ అంటే ఇంగ్లీషు ప్రకటనకు నీడలా కనిపిస్తుంది. అక్కడే నివసిస్తూ పనిచేసేవారికి ‘లో’ సహజం. అయితే ‘కు’ తప్పనిసరయ్యే సందర్భమూ ఉంది. రోమ్‌లో ఉండే మన రాయబారే చిన్న దేశమైన శాన్ మారినో వ్యవహారాలూ చూస్తారు. ఆయన్ని ‘శాన్ మారినోలో భారత రాయబారి’ అంటే అబద్ధమవుతుంది, ఆయన కాపురం అక్కడ లేదు. ‘ఇటలీలో భారత రాయబారి, శాన్ మారినోకు కూడా ఆయనే’ అంటే మాటా నిలుస్తుంది, నిజమూ నిలుస్తుంది.

క్రియల విషయంలో మాత్రం ఇంకాస్త జాగ్రత్త కావాలి. రాయబారి ఒక్క సంతకంతో తయారు కారు. పేరు అనుకోవడం, ఎదుటి దేశాన్ని అడగడం, నియమించడం, అక్కడికి వెళ్ళి అధికార పత్రాలు అందించడం, ఇలా కొన్ని మెట్లున్నాయి. ఏ మెట్టు మీద ఉన్న మనిషికి ఆ మెట్టు మాటే వాడాలి. అమెరికాలో అధ్యక్షుడు పేరును ప్రతిపాదిస్తాడు, అక్కడి చట్టసభలో ఎగువ సభ అయిన సెనేట్ ఆమోదించాలి. ఎరిక్ గార్సెట్టి పేరును భారత్‌లో రాయబారి పదవికి 2021 జులైలో ప్రతిపాదించారు. సెనేట్ ఆమోదం దొరికింది 2023 మార్చిలో. నడుమ ఇరవై నెలలు ఆయన రాయబారి కాదు, ప్రతిపాదిత అభ్యర్థి. ఆ రోజుల్లో ‘నియమించారు’ అని రాసి ఉంటే అది భాషాదోషమే కాదు, తప్పు వార్త కూడా. ‘నామినేట్ చేశారు’ అనండి, ‘పేరు ప్రతిపాదించారు’ అనండి, రెండూ బాగానే ఉన్నాయి. మన దేశంలో పార్లమెంటు ఓటింగు ఉండదు కనుక, విదేశాంగ శాఖ ప్రకటన వచ్చాక ‘నియమించారు’ అని నిస్సందేహంగా రాయవచ్చు. ‘బాధ్యతలు స్వీకరించారు’ అనడానికి మాత్రం ఆయన అక్కడికి చేరేదాకా ఆగాలి.

మీరు అడగకపోయినా ఒక మాట. 1961 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం, వెళ్ళబోయే దేశం ముందుగా సరేనంటేనే రాయబారిని పంపాలి. కాదంటే ఆ దేశం కారణం చెప్పాల్సిన పని లేదు. దీన్నీ, సెనేట్ ఇచ్చేదాన్నీ కలిపి ‘ఆమోదం’ అనేస్తున్నారు. నేను మొదటిదాన్ని ‘సమ్మతి’ అంటాను. పెళ్ళిచూపులయ్యాక పిల్ల సమ్మతించింది అంటాం గానీ ఆమోదించింది అనం కదా! అధికారం ఉన్నవారు ఇచ్చేది ఆమోదం, కాదనే స్వేచ్ఛ ఉన్న సాటివారు ఇచ్చేది సమ్మతి. అలాగే కొత్త రాయబారి రాష్ట్రపతి భవన్‌కు వెళ్ళి తమ దేశాధినేత రాసిన లేఖను రాష్ట్రపతి చేతికి ఇస్తే, ‘ఆధారాలు సమర్పించారు’ అని రాయకండి. ఆధారాలు కోర్టులో ఇచ్చేవి. ఇవి అధికార పత్రాలు.

లండన్, కాన్‌బెర్రా వంటి కామన్వెల్త్ రాజధానుల్లో మన ప్రతినిధిని హైకమిషనర్ అంటారు. వార్తలో పదవిని చెప్పేటప్పుడు ఆ మాటే రాయండి. కబుర్లలో రాయబారి అన్నా తప్పు పట్టను.