ఇంట్లో బీపీ 180, మిషన్ మీద 90: ఎందుకిలా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. సోమ, గురువారాల్లో నాలుగేసి గంటలు డయాలసిస్. డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు) 60 కిలోలు, సోమవారానికి 64 అవుతున్నారు. మూడు రకాల మాత్రలు వేసుకున్నా ఇంట్లో బీపీ 180/100. మిషన్ మీద చివరి గంటలో మాత్రం 90కి పడిపోయి పిక్కలు పట్టేస్తున్నాయి. నీళ్లు లీటరు కూడా తాగనంటారు. ఏం చేయాలి?
– ఒంగోలు పాఠకురాలు

జవాబు: రెండింటికీ మూలం ఆ 4 కిలోలే. అదంతా దాదాపు నీరే. రక్తనాళాల్లో నీరు నిండితే బీపీ పెరుగుతుంది, అలాంటప్పుడు మాత్రలు అంతగా పనిచేయవు. ఇక మిషన్ నీటిని లాగేది రక్తంలోంచే. కాళ్లలో చేరిన నీరు రక్తంలోకి తిరిగి రావడానికి టైం పడుతుంది. కిలో బరువుకు గంటకు 13 మి.లీ. మించకుండా తీయడం మేలు. మీ నాన్నగారికి అది 4 గంటల్లో సుమారు 3.1 లీటర్లు. 4 లీటర్లు లాగితే బీపీ పడిపోక ఏమవుతుంది? పిక్కలు పట్టేశాయని సెలైన్ ఎక్కిస్తే, ప్రతి 100 మి.లీ.తో దాదాపు గ్రాము ఉప్పు మళ్లీ ఒంట్లోకి వెళ్తుంది.

ఆయన మాట నిజమే కావచ్చు. చారు, మజ్జిగ, జావ, కాఫీ ఎవరూ లెక్కేయరు కదా! అయినా ముందు పట్టుకోవాల్సింది ఉప్పునే. ఒంట్లో లీటరు నీరు నిలవాలంటే సుమారు 9 గ్రాముల ఉప్పు కావాలి. అంటే 4 లీటర్లకు 36 గ్రాములు, గురువారం నుంచి సోమవారం దాకా రోజుకు 9. ఉప్పు తింటూ దాహం ఆపుకోమంటే ఎవరి వల్లా కాదు. రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే చదునుగా ఒక టీ చెంచాడు, దాటకూడదు. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయలు మానేయాలి. పెరుగన్నంలో ఉప్పు వద్దు. ‘లో సోడియం’ ఉప్పు అసలు కొనకండి, అందులోని పొటాషియం గుండెకు ప్రమాదం. షుగర్ ఉంటే అదుపులో పెట్టండి, అది కూడా దాహం పెంచుతుంది.

24 గంటల మూత్రం కొలిచి, దానికి 500 మి.లీ. కలపండి. సాధారణంగా రోజుకు తాగదగ్గది అంతే. అంత నీరూ పొద్దున్నే ఒక సీసాలో పోసి, చారు తాగినా, కాఫీ తాగినా అంత మేర అందులోంచి తీసేయండి. రోజూ లేవగానే బరువు రాయండి.

డాక్టరుగారిని మూడు అడగండి: డయాలసిస్ రోజు ఏ మాత్ర ఎప్పుడు వేయాలి, గంట పెంచడమో వారానికి మూడోసారి పెట్టడమో కుదురుతుందా, డ్రై వెయిట్ మార్చాలా? తిండి తగ్గి కండ కరిగితే ఆ 60లోనే నీరు దాక్కుంటుంది. నీరు సరిగ్గా తీశాక కూడా బీపీ దిగడానికి కొన్ని వారాలు పడుతుంది, మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చేతికి బీపీ చూడనివ్వకండి.

వెల్లకిలా పడుకోలేక ఆయాసంతో లేచి కూర్చుంటుంటే మాత్రం తర్వాతి డయాలసిస్ దాకా ఆగొద్దు, రాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి.